చేపపిల్లకు తొలి మేత

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇరవై అయిదు సంవత్సరాల క్రిందట రెండు బల్లలతో, ఒక బీరువాతో ఆరంభమైన మన గ్రంథాలయం నేడు రజతోత్సవం జరుపుకొంటున్నది. ఆ బీరువాను భుజాన మోసి తెచ్చినవారిలో కొందరు ఈ సభలో ఉన్నారు; కొందరు లేరు. అందరికీ నా వందనములు. ఊరికి పనికివచ్చే విషయం ఏదైనా మాట్లాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరారు. నాకు తెలిసిన పనులు రెండే. ఒకటి బడిలో పిల్లలకు పాఠం చెప్పుట. రెండవది చెరువులో చేపపిల్లలను పెంచుట. మొదటిదానిని మీలో చాలమంది చిన్ననాట నా వద్ద కావలసినదానికంటె ఎక్కువే విన్నారు. కనుక రెండవదానిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మనది కొల్లేటి అంచున ఉన్న ఊరు. చేప పెద్దదైన తరువాత దాని బాగోగులు మాట్లాడుటకు మనలో పదిమంది ఉన్నారు. లారీ వచ్చినదా, ఐసు దొరికినదా, కిలో ఎంత పలికినది అని రచ్చబండమీద రోజూ వింటూనే ఉన్నాము. కాని ఆ చేప జీలకర్ర గింజంత ఉన్ననాడు ఏమి తిని బ్రతికినదో అడిగేవారు అరుదు. నేను నేడు చెప్పదలచినది ఆ ఒక్క మాటే. చేపపిల్లకు తొలి మేత ప్రాణమున్న మేత కావలెను. ఆ మేతను పిల్ల రాకముందే నీటిలో పుట్టించి ఉంచవలెను. పిల్లను తెచ్చిన తరువాత మేత వెదకుకొనే రైతు అప్పటికే సగం నష్టపోయినాడని తెలుసుకోవలెను.

మన పెద్దల కాలంలో బొచ్చె, శీలావతి, మోసు పిల్లలు కావలెనంటే వరదవేళ నదిలో వల కట్టి పట్టవలసినదే. ఈ చేపలు వానల కాలంలో పారే నీటిలో గ్రుడ్లు పెడతాయిగాని, నిలువ నీటి చెరువులో తమంతట తాము పెట్టవు. నదిలో పట్టిన పిల్లలలో మంచి జాతి ఏదో, తోటి పిల్లలను తినే జాతి ఏదో పెరిగినదాకా తెలిసేది కాదు. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు, చేప మెదడు క్రింద ఉండే పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, ఈ జాతి చేపచేత నిలువ నీటిలోనే గ్రుడ్లు పెట్టించారు. ఆ తేదీని మన దేశంలో మత్స్యరైతుల దినంగా పాటిస్తున్నారు. నేడు కైకలూరు చుట్టుపట్ల ఉన్న హేచరీలన్నిటికీ మూలం ఆనాటి పనియే.

ఆ విధంగా పిల్లల కరవు తీరినది. కాని పిల్ల తొలి మేత కరవు ఏటేటా, ప్రతి చెరువులోనూ, మన చేతిమీదుగానే తీరవలసి ఉన్నది. ఆ పని మనకు బదులుగా ఏ శాస్త్రజ్ఞుడూ చేసి పెట్టడు.

గ్రుడ్లు మన ప్రాంతపు వెచ్చదనంలో 14 నుండి 18 గంటలలో పగులుతాయి. పుట్టిన పిల్లకు పొట్టక్రింద పచ్చసొన సంచి ఒకటి ఉంటుంది. అది తల్లి కట్టి ఇచ్చిన చద్దిమూట. సుమారు మూడు రోజులు పిల్ల దానితోనే గడుపుతుంది. మూట ఖాళీ అయ్యేవేళకు నోరు తెరుచుకొంటుంది. సరిగా అప్పుడే దానిని నీరు, ప్రాణవాయువు నింపిన సంచులలో కట్టి మనకు ఇస్తారు. మనం స్పాన్ అని పిలిచేది ఆ పిల్లనే. పొడవు 5, 6 మిల్లీమీటర్లు. లక్ష పిల్లలను తూచితే సుమారు 140 గ్రాములు తూగుతాయి. అనగా మనం మోటారు సైకిలుమీద ఇంటికి తెచ్చేది, చద్దిమూట అయిపోయి ఆకలిగొన్న లక్షల నోళ్లను.

నేను మొదటి ఏట చేసిన పొరపాటును మీ ముందు దాచను. 20 సెంట్ల నర్సరీ చెరువు తవ్వించి, అడుగు ఊడ్చినట్లు శుభ్రం చేయించి, కాలువనుండి అద్దంవంటి నీరు పెట్టి, మరునాడే 3 లక్షల పిల్లలను వదిలాను. వేరుశనగ చెక్క పొడి, తవుడు కలిపి పూటపూటా చల్లాను. బడిలో పిల్లల చేతులు శుభ్రంగా ఉన్నవా అని చూచే అలవాటు గలవాణ్ణి గనుక, నీరు అంత తేటగా ఉన్నందుకు మురిసిపోయాను. పదిహేనవనాడు వల లాగించితే వలలో పురుగులు ఎక్కువ, పిల్లలు తక్కువ. లెక్క చూస్తే పదివేలు కూడ లేవు. ఆ చెరువు తవ్వించుటకు మా ఇంటిదాని మెడలోని గొలుసు తాకట్టు పెట్టి ఉన్నాను. ఆ రాత్రి మా ఇంటిలో ఎవరూ అన్నం ముట్టలేదు. పిల్లలు అమ్మినవారే మోసం చేశారని నలుగురిలో అన్నాను. అది తప్పు. వారు మంచి పిల్లలనే ఇచ్చారు.

వల లాగుటకు వచ్చినవారిలో ఒక వృద్ధుడు ఉన్నాడు. ఊరంతా ఆయనను తాత అనే పిలిచేవారు. ఆయన గట్టుమీది గాజుగ్లాసు తీసి, నా చెరువులో ముంచి, ఎండకెత్తి చూపాడు.

“మేష్టారూ, ఇందులో ఏముందండీ?” అన్నాడు.

“ఏమీ లేదు తాతా, మంచినీళ్లు” అన్నాను.

“ఏమీ లేని నీళ్లలో బిడ్డలేం తింటారండీ? మీరు ఏసిన పిండి అన్నం ముద్దండి. పాలు తాగే బిడ్డ నోట్లో ముద్ద పెడితే మింగుద్దాండీ?”

తరువాత నన్ను గేదెలు పడుకొనే ప్రక్క మడుగు వద్దకు తీసుకొనిపోయి, అదే గ్లాసుతో నీరు ముంచాడు. ఆ నీరు లేత గోధుమరంగుగా ఉన్నది. ఎండకు పట్టి చూస్తే అందులో వందలకొలది చుక్కలు ఎగురుతూ, దూకుతూ ఉన్నవి. “ఇయ్యండీ పాలు” అన్నాడు తాత.

ఆ మరునాడు ఈ గ్రంథాలయానికే వచ్చి చేపల పెంపకంమీద ఉన్న పుస్తకాలు తీయించాను. తాత చూపిన చుక్కలకు వానిలో పేర్లు ఉన్నవి. నీటిలో తేలియాడే సూక్ష్మజీవులను ప్లవకాలు అంటారు. వానిలో ఆకుపచ్చనివి వృక్షప్లవకాలు. వానిని తిని బ్రతికేవి జంతుప్లవకాలు. మన పిల్లకు కావలసినవి ముఖ్యంగా ఈ రెండవవి. వానిలో మొదట చెప్పదగినవి రోటిఫర్లు. తలపై చక్రం తిరుగుతున్నట్లు కనబడే సన్నని నూగు వానికి ఉంటుంది. మిల్లీమీటరులో పదవ వంతునుండి మూడు వంతులదాకా ఉంటాయి గనుక కొత్తగా తెరుచుకొన్న నోటికి సరిగా పడతాయి. వాని తరువాతివి మొయినా, డాఫ్నియా అనే నీటి ఈగలు. పేరుకు ఈగలేగాని ఇవి రొయ్యకు, పీతకు చుట్టాలు. మొయినా పెరిగితే ఒక మిల్లీమీటరు ఉంటుంది. దాని పిల్లలు అందులో సగమైనా ఉండవు. చేపపిల్ల రోజురోజుకు పెరుగుతూ ఉంటే దాని మేత కూడ ఆ వరుసనే పెద్దదవుతూ ఉండవలెను.

ప్రాణమున్న మేతయే ఎందుకు కావలెనని అడుగవచ్చును. కారణాలు నాలుగు ఉన్నవి. మొదటిది, ఈ వయసు పిల్ల కదిలేదానిని చూచి పట్టుకొంటుంది. కదలని పొడిని చాలవరకు గుర్తించదు. రెండవది, పొడి అడుగుకు దిగిపోతుంది; ప్లవకం పిల్ల ఈదే నీటిలోనే తేలియాడుతుంది. మూడవది, పిల్ల పేగు ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండదు. ప్లవకాల ఒంటిలో జీర్ణానికి తోడ్పడే రసాలు ఉన్నవి. పైగా వాని పొడి బరువులో ఇంచుమించు సగం మాంసకృత్తులే. నాలుగవది, తినని పొడి క్రుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. తినని ప్లవకం రేపటికి నిలువ ఉంటుంది. తవుడు, చెక్క వద్దని నేను అనను. నేడు బజారులో దొరికే సన్నని పొడి మేతలనూ వద్దనను. అవి తోడుగా ఉండవలసినవే. కాని మొదటి రోజులలో అవి కూర, ప్లవకమే అన్నం.

ఇప్పుడు చెరువు సిద్ధం చేయుట చెబుతాను. లెక్కలు సెంటుకు చెబుతాను. ఎవరి చెరువుకు వారు హెచ్చవేసుకోవచ్చును.

ముందు చెరువును ఎండగట్టవలెను. ఎండలేని చెరువైతే అందులోని వాలుగ, జెల్ల, కొర్రమీను వంటివి ఒక్కటైనా మిగులకుండ తీయవలెను. తరువాత సెంటుకు సుమారు ఒక కిలో సున్నం చల్లవలెను. నీరు పెట్టేటప్పుడు తూముకు సన్నని వల గుడ్డ కట్టవలెను. పిల్లలను వదలుటకు 15 రోజుల ముందు సెంటుకు 20 నుండి 40 కిలోల పచ్చిపేడ వేయవలెను. ఇది పాత పద్ధతి. దీనితోపాటు సెంటుకు 3 కిలోల వేరుశనగ చెక్క, ముప్పాతిక కిలో పేడ, 200 గ్రాముల సూపరు ఫాస్ఫేటు కలిపి నానబెట్టి, అందులో సగం పిల్లలను వదలుటకు రెండు మూడు రోజుల ముందు, మిగిలినది తరువాత రెండు మూడు దఫాలుగా చల్లే పద్ధతి కూడ ఉన్నది. పేడను చేపపిల్ల తినదు. పేడవలన బాక్టీరియా, పచ్చని నాచుకణాలు పుడతాయి. వానిని రోటిఫర్లు, నీటి ఈగలు తింటాయి. వీనిని పిల్ల తింటుంది. పేడ తట్ట ఈ దారిన చేప అవుతుంది.

ఇన్ని నీటి ఈగలు ఎక్కడినుండి వస్తాయని మీకు సందేహం కలుగవచ్చును. అవి నిరుటి బురదలోనే ఉన్నవి. మేత దొరికే రోజులలో ఆడ మొయినాలు మగవానితో పని లేకుండనే పిల్లలను కంటాయి. ఆ పిల్లలు నాలుగైదు రోజులకే తల్లులవుతాయి. నీరు ఇంకే కాలం వచ్చినప్పుడు మగవి పుట్టి, గట్టి పెంకుగల గ్రుడ్లు ఏర్పడతాయి. అవి ఎండిన బురదలో పడి ఉండి, మళ్లీ నీరు తగిలినప్పుడు మేలుకొంటాయి. పాత చెరువు మట్టి మనకు విత్తనపు గాదె. అందుకే కొత్తగా తవ్విన నా చెరువులో ఏమీ పుట్టలేదు. కొత్త చెరువుకు పాత చెరువు నీరు కొన్ని బిందెలు తెచ్చి పోసినా ఆ లోటు తీరుతుంది. కాని పురుగులు, పరాయి చేపపిల్లలు రాకుండ వడగట్టి పోయవలెను.

మేత సిద్ధమైనదా లేదా అనునది పంచాంగం చూచి చెప్పరాదు. గ్లాసు చూచి చెప్పవలెను. చెరువులో నాలుగైదు చోట్లనుండి మొత్తం 50 లీటర్ల నీరు సన్నని ప్లాంక్టన్ వలగుండా వడగట్టి, వలలో మిగిలినదానిని గీతలున్న గాజు గొట్టంలో పోసి, చిటికెడు ఉప్పు వేయవలెను. కొంతసేపటికి ప్లవకాలు చచ్చి అడుగుకు దిగుతాయి. ఆ మడ్డి 1 నుండి 2 మిల్లీలీటర్లు ఉంటే పిల్లలను వదలవచ్చును. మడ్డి లేత గోధుమరంగుగా ఉంటే జంతుప్లవకం ఎక్కువ. ఆకుపచ్చగా ఉంటే వృక్షప్లవకం ఎక్కువ. మరీ ఆలస్యం చేయుట కూడ మంచిది కాదు. రోటిఫర్ల తరువాత నీటి ఈగలు, ఆపైన ఒంటికన్ను సైక్లాప్సులు పెరుగుతాయి. సైక్లాప్సులు గుంపుగా ఉంటే లేత పిల్లలనే కరుస్తాయి. మేత కావలసినది శత్రువు అవుతుంది.

అసలు శత్రువులు మరికొన్ని ఉన్నవి. వెల్లకిల ఈదే పురుగులు, తూనీగ పిల్లలు, నీటి పేడపురుగులవంటి పెంకు పురుగులు చేపపిల్లలను పట్టి రసం పీల్చివేస్తాయి, లేదా నమలివేస్తాయి. నా వలలో పడ్డవి ఇవే. వీనిలో చాలవరకు గాలి పీల్చుటకు నీటి పైకి రావలసినవే. గాలి లేని పూట సెంటుకు 70 గ్రాముల చౌక సబ్బు, 225 గ్రాముల నూనె కలిపి చిలికి, పిల్లలను వదలుటకు 12 నుండి 24 గంటల ముందు నీటిపై పరిస్తే, ఆ పొర వాని గాలి రంధ్రాలను మూసివేస్తుంది. ప్లవకాలు నీటిలోనే గాలి పీల్చుకొంటాయి గనుక వానికి హాని లేదు.

ఇక్కడ ఊరి పెద్దలకు ఒక మనవి. పురుగులకని పొలం మందును చెరువులో పోసే అలవాటు కొందరికి ఉన్నది. వరికి మందు కొట్టిన నీటిని పిల్లల చెరువు ప్రక్కనే వదిలే అలవాటు మరికొందరికి ఉన్నది. నీటి ఈగలు రొయ్య చుట్టాలని చెప్పాను. రొయ్య పురుగుకు దూరపు బంధువు. అందువలన పురుగుమందు నీటిలో కలిస్తే, చేపపిల్ల చావని మోతాదుకే దాని మేత చచ్చిపోతుంది. పైకి ఏమీ కనబడదు. పిల్లలు తేలవు, చెరువు నిశ్చలంగానే ఉంటుంది. పది రోజుల తరువాత వల ఖాళీగా వస్తుంది. ఇద్దరు ఇరుగుపొరుగు రైతులు పిల్లలు నర్సరీలో ఉండే ఆ పదిహేను, ఇరవై రోజులు మాట్లాడుకొని మురుగు నీటిని మరొక ప్రక్కకు మళ్లించుకొంటే, ఇద్దరికీ ఖర్చు లేదు. ఒకరి ఇల్లు నిలుస్తుంది.

నర్సరీలో హెక్టారుకు 30 నుండి 50 లక్షలు, అనగా సెంటుకు 12 వేలనుండి 20 వేలవరకు స్పాన్ వదలుట వాడుక. చల్లని వేళ, సంచిని పావుగంట నీటిలో తేలనిచ్చి, లోపలి నీరు, వెలుపలి నీరు కలిపి, పిల్లలు తమంతట తాము ఈదిపోయేటట్లు వదలవలెను. తవుడు, చెక్కపొడి సమపాళ్లలో కలిపి, మొదటి అయిదు రోజులు పిల్లల తొలి బరువుకు నాలుగింతలు, అనగా లక్షకు రోజుకు సుమారు 560 గ్రాములు, తరువాత పది రోజులు దానికి రెట్టింపు వేస్తారు. పదిహేను, ఇరవై రోజులకు పిల్ల అంగుళానికి కొంచెం తక్కువగా పెరుగుతుంది. మంచి యాజమాన్యంలోనే నూటికి 30 నుండి 50 పిల్లలు దక్కుతాయి. ఆ ముప్పదికీ యాబదికీ నడుమ ఉన్నదే రైతు లాభం. పేడ ఎక్కువైనా ముప్పే అని మరువరాదు. నీరు మరీ చిక్కబడితే మబ్బుపట్టిన రోజుల తెల్లవారుజామున ప్రాణవాయువు చాలక పిల్లలు నోళ్లు పైకెత్తుతాయి. అప్పుడు ఎరువు ఆపి, కొత్త నీరు పెట్టవలెను.

చెరువులో మేత తరిగితే ఆదుకొనుటకు ఇంటివద్ద ఒక తొట్టి ఉంచుకొనుట మంచిది. సిమెంటు తొట్టిలో పచ్చని చెరువు నీరు వడగట్టి పోసి, నానబెట్టిన చెక్క నీరు కొద్దిగా కలిపి, ఒక గ్లాసెడు మొయినాలను విత్తనంగా వేస్తే, వారం రోజులలో దట్టంగా పెరుగుతాయి. నీరు తేటపడినప్పుడు మాత్రమే మళ్లీ చెక్క నీరు పోయవలెను. రోజూ ఉదయం సన్నని గుడ్డతో నాలుగవ వంతు మాత్రం తీసి చెరువులో వేయవలెను. మొత్తం తీస్తే రేపటికి విత్తనం ఉండదు. తొట్టిపై దోమతెర కప్పవలెను. లేనిచో మనం పెంచేది దోమలనే. పెద్ద హేచరీలలో ఉప్పు సరస్సులనుండి వచ్చే ఆర్టీమియా గ్రుడ్లను ఉప్పునీటిలో ఒక రోజులో పొదిగించి మేతగా వేస్తారు. అది ఖరీదు, పైగా ఆ జీవి మంచినీటిలో ఎంతోసేపు బ్రతుకదు. మన నర్సరీలకు మన మడుగులోని మొయినా చాలును.

కొర్రమీను సంగతి ఒక్క మాట. బొచ్చె పిల్ల తవుడుతోనైనా కొంత సర్దుకొంటుంది. కొర్రమీను పిల్ల సర్దుకొనదు. దానికి ప్రాణమున్న మేత దొరకకపోతే తోటి పిల్లలనే తింటుంది. ఆ జాతిలో పెద్ద చేపలు ఎర్రని పిల్లల గుంపును వెన్నంటి కాపాడుతూ, మేత ఉన్న చోటికి తిరుగుతాయి. ఆ గుంపును చూచి కాపలా చేపను పొడిచేవారు మన ఊరిలోనూ ఉన్నారు. ఒక చేపకోసం వేల పిల్లలను దిక్కులేనివి చేయుట అది. ఆ కొద్ది వారాలు చేయి ఆపవలసినదని యువకులను కోరుతున్నాను.

చివరకు కార్యవర్గంవారికి ఒక విన్నపం. రజతోత్సవం పేర ఒక మంచి భూతద్దం, గీతలున్న గాజు గొట్టం, ప్లాంక్టన్ వల కొని, పుస్తకాలవలెనే చందాదారులకు అరువిచ్చే ఏర్పాటు చేయవలసినది. వానితోపాటు ఒక లావుపాటి నోటుపుస్తకం కూడ ఉంచవలసినది. ఎవరు ఏ చెరువులో ఏనాడు పేడ వేశారు, మడ్డి ఎంత దిగినది, ఎన్ని పిల్లలను వదిలి ఎన్నిటిని తీశారు అని ప్రతి రైతూ అందులో వ్రాయవలెను. లాభమైనా వ్రాయవలెను, నష్టమైనా సిగ్గుపడక వ్రాయవలెను. మొదటి పుటలో నా మూడు లక్షల లెక్క నేనే వ్రాసి ఇస్తాను. ఆ భూతద్దం కొనుటకు నా వంతు చందా ఈ సభలోనే కార్యదర్శిగారికి అందజేస్తున్నాను.

తాత ఇప్పుడు లేడు. తాకట్టులోని గొలుసు మాత్రం మూడవ ఏట ఇంటికి తిరిగివచ్చినది. ఈనాటికీ నర్సరీలో పిల్లలను వదిలే ముందు నేను గ్లాసు ముంచి ఎండకెత్తి చూస్తాను. అందులో ఏదీ ఎగురకపోతే పిల్లలను వదలను. మీరూ వదలవద్దని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.